తాళంచెవి ఎవరి కొంగున?

నిరుడు బతుకమ్మ పండుగకు మేడిపల్లిలోని మా పుట్టింటికి పోయినప్పుడు, మా అన్న కోడలు నా చేతిలో ఒక నోటుబుక్కు కాగితం పెట్టింది. "అత్తమ్మా, ఇవి సక్కగ రాసియ్యి. ఒక్క అక్షరం గూడ తప్పు పోవద్దన్నడు" అంది. ఆమె రెండో చేతిలో ఫోను ఉంది. తెర మీద పన్నెండు ఇంగ్లీషు మాటలు. ఒక పండు పేరు, ఒక జంతువు పేరు, ఎటూ కాని ఒక క్రియ. ఒకదానికొకటి పొంతన లేదు. వాక్యం కాదు, సామెత కాదు, పొడుపుకథ కూడా కాదు.

షార్జాలో పనిచేస్తున్న మా మేనల్లుడు ఆ పొద్దున్నే ఫోనులో దారి చెప్పి ఆమెతో ఒక క్రిప్టో వాలెట్ పెట్టించాడు. ఇక నుంచి ఇంటికి పంపే పైసల్లో కొంత దాంట్లోకే వేస్తాడట. అక్కడి ఎక్స్ఛేంజీ దుకాణం పంపిన ప్రతిసారీ ఫీజు పట్టుకుంటుంది, మారకం రేటులోనూ కొంత తింటుంది. దీంట్లో నడుమ మనిషే లేడు. "పైసలు నీ చేతుల్నే ఉంటయ్, బ్యాంకోడు గూడ ముట్టలేడు" అని చెప్పాడట. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, రోజూ బీడీలు చేస్తూ, ఇద్దరు పిల్లల్ని చూసుకుంటున్న ఆ అమ్మాయికి ఈ మాట ఎంతగానో నచ్చింది. నాకూ నచ్చింది. ఎందుకు నచ్చదు? 'నీ చేతుల్నే' అనే మాట కోసమే కదా మనం ఇన్నేళ్ళుగా రాస్తున్నదీ, మాట్లాడుతున్నదీ.

కళ్ళజోడు తుడుచుకుని, పన్నెండు మాటలూ గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. ఆమె ఆ కాగితాన్ని ఫోటో తీసి మొగుడికి వాట్సాప్‌లో పంపింది. తర్వాత మడిచి బీరువాలో చీరల కింద పెట్టింది. ఆ రాత్రి పడుకున్నాక ఆ మాటలు ఒకటొకటిగా నాకు గుర్తుకు రావడం మొదలైంది. చిన్నప్పటి నుంచీ పాఠాలు కంఠస్థం చేసిన బుర్ర నాది. అప్పుడు తెలిసింది, నేను రాసింది చిట్టీ కాదు, తాళంచెవి అని. దాని నకలు ఒకటి షార్జాలో ఉంది. ఇంకొకటి నా తలలో ఉంది. మరి 'నీ చేతుల్నే' అన్న మాటలో ఆ 'నువ్వు' ఎవరు?

ఈ వాలెట్ల సంగతి తెలియని వాళ్ళకోసం కొంచెం చెప్పాలి. బ్యాంకులో మన డబ్బు బ్యాంకు దగ్గరుంటుంది. మనకు ఉండేది అడిగే హక్కు. సంతకం మరిచినా, కార్డు పోయినా, మనం మనమేనని రుజువు చేసుకుంటే మన డబ్బు మనకు ఇస్తారు. సొంత అదుపు వాలెట్‌లో ఈ ఏర్పాటు లేదు. లెక్క అంతా వేలాది కంప్యూటర్లలో ఒకేలా ఉండే ఖాతాపుస్తకంలో ఉంటుంది. అందులో మన పద్దును కదిలించగలిగేది ఒక రహస్య సంఖ్య. అంత పొడుగు సంఖ్య మనిషికి గుర్తుండదు కాబట్టి, దాన్ని పన్నెండో ఇరవై నాలుగో మాటలుగా మార్చే పద్ధతి 2013లో వచ్చింది. 2048 మాటల జాబితా ఒకటి ఉంది, వాటిలోంచే అన్నీ వస్తాయి. ఆ మాటలు తెలిసినవాళ్ళే యజమాని. పేరు అడగరు, ఆధార్ అడగరు, వేలిముద్ర అడగరు. మాటలు పోతే డబ్బు పోయినట్టే. మొరపెట్టుకోవడానికి మేనేజరు గది ఉండదు.

ఆ జాబితాలో మొదటి మాట 'అబాండన్'. విడిచిపెట్టడం అని అర్థం. చివరిది 'జూ'. అక్షరక్రమం వల్ల అలా కుదిరిందే కానీ, విడిచిపెట్టబడిన ఆడవాళ్ళ కథలు ఊరికి పది విన్న నాకు ఆ మొదటి మాట దగ్గర కాసేపు చూపు ఆగింది. జాబితా ఇంగ్లీషుతో పాటు జపనీస్, కొరియన్, చైనీస్, స్పానిష్, ఫ్రెంచ్, ఇటాలియన్, పోర్చుగీస్, చెక్ భాషల్లోనూ ఉంది. చెక్ మాట్లాడేవాళ్ళు కోటి చిల్లర. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు ఎనిమిది కోట్ల పైన. కానీ తెలుగు జాబితా లేదు, ఏ భారతీయ భాషదీ లేదు. కాబట్టి మా కోడలి తాళంచెవి ఆమెకు రాని భాషలో తయారైంది. అందుకే అది నా చేతికి వచ్చింది. 'నడుమ మనిషి లేడు' అన్న ఆ యంత్రానికి మొదటి రోజు మొదటి గంటలోనే నడుమ మనిషి అవసరమైంది. ఆ మనిషిని నేను.

ఇక ఫీజుల సంగతి. మా నాయిన భీవండిలో సాంచెలు నడిపేవాడు. నెలకోసారి మనియార్డర్ వచ్చేది. ఇరవై రూపాయలకు రూపాయి చొప్పున పోస్టాఫీసు కమీషను తీసుకున్న రోజులు నాకు బాగా గుర్తు. వందకు అయిదు. ఎక్కువే. కానీ ఆ అయిదు రూపాయలతో ఏమేం వచ్చేవో ఇప్పుడు తలుచుకుంటున్నాను. పోస్టుమాన్ మా అవ్వ పేరు బయట నిలబడి గట్టిగా పిలిచేవాడు. పైసలు ఆమె చేతిలోనే పెట్టేవాడు, మా తాత అరుగు మీద కూచుని చూస్తున్నా సరే. వేలిముద్రకు సాక్షి ఉండేవాడు. కింది ముక్కలో నాయిన రాసిన రెండు వాక్యాలు చదివి వినిపించేవాడు. పైసలు రాకపోతే, పోయి అడగడానికి ఒక కిటికీ ఉండేది. ఆ పాత మనియార్డర్‌ను తపాలా శాఖ 2015లో ఆపేసింది.

తర్వాత దుబాయి కాలం వచ్చింది. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని మా వైపు బతుకుల్ని మూడు మాటల్లో చెప్పేవాళ్ళు. దుబాయితో పాటు హుండీ వచ్చింది. అక్కడ దిర్హాములు ఇస్తే ఇక్కడ ఇంటికి రూపాయలు తెచ్చిచ్చే మనుషులు. విదేశీ మారకం చట్టం ఒప్పుకోని పని. అయినా బ్యాంకు కన్నా చవక, బ్యాంకు కన్నా వేగం. కానీ హుండీ మనిషి ఇంటి పెద్దమనిషిని వెతుక్కునేవాడు. చేరాల్సిన చేయి ఆడదానిదే అయినా, పైసలు ముందు మామ జేబులోకో బావ జేబులోకో వెళ్ళేవి. అక్కడి నుంచి ఎంత బయటికొస్తే అంతే ఆమెకు.

ఇప్పుడు వాలెట్. ఇందులో ఫీజు ఎలా వేస్తారో చూడండి. బిట్‌కాయిన్‌లో ఫీజు పంపే మొత్తాన్ని బట్టి ఉండదు, ఖాతాపుస్తకంలో ఆ పద్దు ఎంత చోటు ఆక్రమిస్తుందో, ఆ సమయానికి ఎంత రద్దీ ఉందో దాన్ని బట్టి ఉంటుంది. రెండు వేలు పంపినా రెండు లక్షలు పంపినా ఒకటే. వినడానికి సమానత్వంలా ఉంటుంది. కానీ రెండు వేలు పంపేవాడికి అది పన్ను, రెండు లక్షలు పంపేవాడికి చిల్లర. 2017 డిసెంబరులో సగటు ఫీజు 50 డాలర్లు దాటింది. అప్పటి లెక్కన మూడు వేల రూపాయల పైనే. అంత రద్దీలో మా కోడలి లాంటి వాళ్ళ పైసలకు అసలు చోటే ఉండదు.

మా మేనల్లుడు వాడింది బిట్‌కాయిన్ కాదు. డాలరుకు కట్టిన టీథర్ అనే నాణెం, ట్రాన్ అనే ఖాతాపుస్తకం మీద. ఫీజు సాధారణంగా కొద్ది డాలర్లలో తేలిపోతుంది. కానీ మామూలు వాలెట్లలో ఆ ఫీజును టీథర్‌లో కట్టడానికి వీల్లేదు, ట్రాన్ సొంత నాణెంలోనే కట్టాలి. అంటే పెట్టెలో వంద డాలర్లున్నా, ఆ రెండో నాణెం లేకపోతే ఒక్క డాలరూ కదలదు. "నా పైసలే నాకు కనవడ్తయ్, తియ్యరావ్. ఇదేం సందుగ అత్తమ్మా?" అని ఆమె అడిగింది. దానికి నా దగ్గర మంచి జవాబు లేకపోయింది.

అంతటితో అయిపోదు. కిరాణా కొట్టువాడు టీథర్ తీసుకోడు. దాన్ని రూపాయలుగా మార్చాలి. 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను, ఆ జూలై నుంచి అమ్మకం మీద 1 శాతం ముందస్తు కోత. వ్యక్తికి వ్యక్తి అమ్ముకుంటే ఇంకో భయం. కొన్నవాడు సైబరు మోసం డబ్బు ఆమె ఖాతాలో వేస్తే పోలీసులు ఆ ఖాతానే ఆపేయిస్తారు. ఆమె బీడీల కూలి, పిల్లల ఫీజులు అన్నీ అందులోనే ఉంటాయి. పైగా ఇంటికి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు అనుమతించిన దారుల్లో ఇది లేదు. ఈ సంగతి మేనల్లుడికి ఫోను చేసి చెప్పాను. "అందరు పంపుతుండ్రు అత్తమ్మా" అన్నాడు. పదహారు గంటలు పనిచేసి వచ్చిన పిల్లవాడి గొంతు అది. గట్టిగా మందలించలేకపోయాను. ప్రపంచ బ్యాంకు లెక్కల్లోనే వలస కూలీ పంపే డబ్బులో సగటున ఆరు శాతానికి పైగా దారి ఖర్చులకు పోతుంది. దీన్ని 2030 నాటికి మూడు శాతం లోపు చేస్తామని దేశాలన్నీ ఐక్యరాజ్యసమితిలో మాటిచ్చాయి. ఆ మాట నిలబడి ఉంటే వాడు ఈ దారి వెతికేవాడు కాదు.

అయినా నన్ను వెంటాడిన ప్రశ్న వేరే. ఫీజు దేనికి కడతాం? మనియార్డర్ కమీషనులో పోస్టుమాన్ నడక ఉంది, సాక్షి సంతకం ఉంది, జవాబుదారీ ఉంది. వాలెట్‌లో ఆ కమీషను పోయింది. ఆ పనులు మాత్రం పోలేదు. ముప్పై నాలుగు అక్షరాల చిరునామాను ఒక్కటీ తప్పకుండా సరిచూడటం, రెండో నాణెం తెచ్చిపెట్టుకోవడం, కాగితాన్ని ఎలుకల నుంచీ వానల నుంచీ చుట్టాల నుంచీ కాపాడటం, ఫోనులో వచ్చే దొంగ సందేశాల్ని గుర్తుపట్టడం, తప్పు జరిగితే తిట్లు పడటం. ఇవన్నీ ఎవరు చేయాలి? మా కోడలు. ఎంత కూలికి? ఏమీ లేదు. ఫీజు తగ్గలేదు, చేతులు మారింది. బ్యాంకు గుమాస్తాకు జీతమిచ్చి చేయించే పని, ఇంట్లో ఆడదాని 'జాగ్రత్త' అయిపోయింది.

ఇది మనకు కొత్త లెక్క కాదు. నర్సాపూర్ లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ 1982లో పుస్తకం రాసింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేసే స్త్రీల పనిని 'ఖాళీ సమయంలో చేసే పని'గా చూపించి ఎలా చవక చేస్తారో అందులో వివరించింది. మా ఇళ్ళల్లో బీడీల సంగతీ అంతే. తునికాకు తక్కువ తూచి ఇస్తే ఆ లోటు చేసేదాని మీద, నాసిరకమని బీడీలు తిరగ్గొడితే ఆ నష్టమూ చేసేదాని మీద. ఇంట్లో జరిగే పని కాబట్టి దానికి ఖర్చు లేదనుకుంటారు. కొత్త యంత్రాల్ని 'సులువు' అని మెచ్చుకునే ముందు ఆ సులువు ఎవరి పనిని కనపడకుండా చేసిందో ఒకసారి లెక్క చూడాలి.

అలాగని సొంత అదుపును కొట్టిపారేయలేను. 2016 నవంబరు 8 రాత్రి గుర్తుంది కదా. పోపుల డబ్బాల్లో, బియ్యం కుండల్లో, చీర మడతల్లో దాచుకున్న అయిదువందల నోట్లన్నీ ఆడవాళ్ళు తమ చేతులతోనే తీసి మొగుళ్ళ ముందు పెట్టాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి కట్టుకున్న చిన్న స్వేచ్ఛ ఒక్క ప్రకటనతో బట్టబయలైంది. ఎవరూ రద్దు చేయలేని డబ్బు ఆ రాత్రి ఎంతమందికి కావలసివచ్చిందో! 2013 ప్రాంతంలో అఫ్గానిస్తాన్‌లోని హెరాత్‌లో రోయా మహబూబ్ తన దగ్గర పనిచేసే అమ్మాయిలకు బిట్‌కాయిన్‌లో డబ్బు ఇచ్చింది. వాళ్ళలో చాలామందికి బ్యాంకు ఖాతా లేదు, చేతికి నగదిస్తే ఇంట్లో మగవాళ్ళు తీసుకుంటారు. ఇక వేరేవాళ్ళ అదుపులో పెడితే ఏమవుతుందో 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ కూలినప్పుడు, 2024 జూలైలో మన దేశంలోని వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగలు ఎత్తుకుపోయినప్పుడు లోకమంతా చూసింది. తాళంచెవి మన దగ్గరుండాలన్న కోరిక వెనక నిజమైన గాయాలున్నాయి. వర్జీనియా వూల్ఫ్ 1929లో రాసే స్త్రీకి రాబడితో పాటు గది తలుపుకు తాళం కూడా అడిగింది. ఆ తాళం విలువ మనకు తెలుసు.

కానీ తాళం పెట్టడానికి గది ఉండాలి. లోపల ఒంటరిగా కూచునే హక్కు ఉండాలి. అది లేని ఇంట్లో తాళంచెవి ఇస్తే అది ఎవరికి బలముంటే వాళ్ళ చేతికే పోతుంది. యంత్రానికి తెలిసిన 'సొంత' వేరు, ఇంట్లో ఉన్న 'సొంత' వేరు. యంత్రం దృష్టిలో పన్నెండు మాటలు తెలిసిన ప్రతి మనిషీ పూర్తి యజమానే. మొగుడు, అత్త, నేను, ఆమె అందరం సమానం. ఎవరు న్యాయంగా తెలుసుకున్నారు, ఎవరు బెదిరించి తెలుసుకున్నారు అనేది దానికి పట్టదు. చట్టం అలా కాదు. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని, అది భర్త దగ్గరో అత్తింటివారి దగ్గరో ఉన్నా వాళ్ళు నమ్మకంతో దాచిపెట్టినవాళ్ళే తప్ప యజమానులు కారని చెప్పింది. ఉంచుకోవడం వేరు, కలిగి ఉండటం వేరు అని ఆడవాళ్ళు కోర్టులకెక్కి గెలుచుకున్న తేడా అది. వాలెట్ ఆ తేడాను చెరిపేస్తుంది.

ఇంకొకటి. పోపుల డబ్బాకు చిరునామా ఉండదు. ఈ ఖాతాపుస్తకం మాత్రం అందరికీ తెరిచే ఉంటుంది. చిరునామా తెలిసినవాళ్ళెవరైనా అందులో ఎంత ఉందో, ఎప్పుడు ఎంత పోయిందో చూడొచ్చు. షార్జాలో భోజనం విరామంలో మా మేనల్లుడు చూస్తాడు. "నిన్న నలభై డాలర్లు ఎటుపోయినయ్?" అని అడుగుతాడు. ప్రేమగానే అడుగుతాడు. పోస్టాఫీసు మా నాయినకు అంత చూపు ఇవ్వలేదు.

ఈ వాలెట్లు చేసేవాళ్ళకు ఇబ్బంది తెలియదని కాదు. మాటలు పోగొట్టుకుంటే నమ్మకమైన నలుగురైదుగురిలో ఎక్కువమంది ఒప్పుకుని తాళం మార్చి ఇచ్చే పద్ధతిని విటాలిక్ బుటెరిన్ 2021లో గట్టిగా సమర్థించాడు. 2023 నుంచి ఇథీరియంలో ఫీజు వేరొకరు కట్టిపెట్టే ఏర్పాటూ వచ్చింది. చదివితే పొదుపు సంఘం గుర్తొచ్చింది. ఒక్క సంతకంతో డబ్బు కదలదు, ఇద్దరు ముగ్గురు వెళ్ళి బ్యాంకులో నిలబడాలి. నమ్మకాన్ని పూర్తిగా తీసేద్దామని బయల్దేరినవాళ్ళు తిరిగి తిరిగి నమ్మకం దగ్గరికే వచ్చారు. సులువు అంటే మన బరువులో కొంత ఇంకొకరు మోయడం, అంతే. కాబట్టి నమ్మాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదని నాకనిపిస్తుంది. ఎవర్ని నమ్మాలో ఆమే ఎంచుకుందా, వద్దనుకున్న రోజు వాళ్ళను తప్పించగలదా అన్నదే ప్రశ్న. బ్యాంకునైనా, మొగుడినైనా, చదువుకున్న మేనత్తనైనా ఆ కొలతతోనే కొలవాలి.

మేనత్తను కొలిస్తే నేను నెగ్గలేదు. ఆమె నన్ను ఎంచుకోలేదు, ఇంట్లో ఇంగ్లీషు వచ్చిన మనిషిని నేనే కాబట్టి దొరికాను. నా తలలో ఉన్నవాటిని తీసేయడం ఆమె చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. నేను దొంగిలించను అన్నది జవాబు కాదు. 'నేను మంచివాడిని కదా' అని పెత్తనం చేసిన మగవాళ్ళందరూ చెప్పిన మాటే అది.

పండుగ తెల్లారి ఆమెతో ఇదంతా చెప్పాను. ఆ మాటలు నాకు గుర్తున్నాయని కూడా చెప్పాను. కాసేపు చేటలో ఆకు కత్తిరిస్తూ ఊరుకుంది. తర్వాత "ఇంకోటి పెట్టుకోరాదా?" అని అడిగింది. పెట్టుకోవచ్చు. కొత్త వాలెట్ తెరిచి, పాతదాంట్లోవి అందులోకి పంపుకోవాలి. దానికి మళ్ళీ ఆ రెండో నాణెం కావాలి, మళ్ళీ ఫీజు. నా కళ్ళ నుంచి తప్పించుకోవడానికి ఆ అమ్మాయి కట్టిన ఫీజు అది.

మధ్యాహ్నమంతా పట్టింది. ఒక్కో ఇంగ్లీషు అక్షరాన్ని తెరమీద చూసి, బొమ్మ గీసినట్టు కాగితం మీద గీసింది. మాటల అర్థం తెలియనక్కర్లేదు, మొదటి నాలుగు అక్షరాలు సరిగా ఉంటే చాలునని నేను చెప్పాను. అంతకన్నా నా సాయం వద్దంది. ఈసారి ఫోటో తీయలేదు. మొగుడికేం చెప్తావని అడిగితే, "నెలనెల ఖర్చుకు బ్యాంకుల వెయ్యమంట. ఇండ్ల ఉన్నయి ఇండ్లనె ఉంటయి. సూస్తె సూడనియ్" అంది.

మొదలుపెట్టే ముందు ఆమె అన్న మాట ఒకటి ఉంది. ఆడవాళ్ళ ఆర్థిక స్వాతంత్ర్యం మీద ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు ఎవరూ అలా చెప్పలేదు.

"అత్తమ్మా, నువ్వు జర అటు తిరుగు."

నేను గోడ వైపు తిరిగి కూచున్నాను.